గేటు దగ్గర దస్తర్‌ఖాన్

మా అత్త ఖమరున్నీసా కోపమొస్తే అరవదు. చేస్తున్న పని ఆపేస్తుంది. ఆవిడ పని ఆపిందంటే స్టవ్వు వెలగదు, టీ రాదు, బిందెల్లో నీళ్లు నిండవు. అరిచే అత్తగార్లను మా చుట్టాల్లో చాలామందిని చూశాను. వాళ్లందరికంటే ఈవిడతోనే జాగ్రత్తగా ఉండాలి.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం ఆవిడ అలాగే పని ఆపేసి వంటింటి గుమ్మంలో కూర్చుంది. కారణం మా మామ ఇబ్రహీంకు వచ్చిన జ్వరం. జ్వరం అందరికీ వస్తుంది, దానికి కోపమెందుకు అనుకుంటారేమో. ఆయనకు మూడు రోజులుగా ఒళ్లు కాలిపోతున్న సంగతి ఆయన కన్నకొడుక్కి, అంటే మా ఆయన అజారుద్దీన్‌కి, ఎవరో లారీ డ్రైవర్ చెబితే తెలిసింది. "మీ అబ్బా జ్వరంతోనే నా టైరు విప్పిండు, దవాఖానాకు తీస్కపోరాదు?" అని ఆ డ్రైవర్ అడిగాడట. తండ్రీకొడుకులు ఉండేది ఒకే ఇంట్లో.

అదెలా అంటే చెబుతాను. మాది సారపాక. మెయిన్ రోడ్డు మీద ముందు పంక్చర్ షాపు, వెనక ఇల్లు. పేపర్ మిల్లుకు జామాయిల్ కర్ర తెచ్చే లారీలు పగలూ రాత్రీ ఆ రోడ్డు మీదే తిరుగుతాయి. కాబట్టి మా మామ షాపు షట్టర్ దించడం నేను పెళ్లై వచ్చాక ఎన్నడూ చూడలేదు. మా ఆయన ఊరి చివర జయప్రకాశ్ గారి కర్ర డిపోలో హమాలీ. రైతుల తోటల్లోంచి వచ్చిన కర్రను దించి, తూచి, మళ్లీ ఎక్కించి మిల్లుకు పంపడం అక్కడి పని. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. మా పాప సనా అదే స్కూల్లో చదువుతుంది. ఎవరి వేళకు వాళ్లం రావడం, గిన్నె మీద మూత తీయడం, తినడం, పోవడం. మా అత్త ఒకే అన్నాన్ని రోజంతా విడతలు విడతలుగా వేడి చేసేది.

ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఆవిడ మా అందరికీ ఒక హుకుం వినిపించింది. ఇంట్లో మేం ఉర్దూలో మాట్లాడుకుంటాం, గడప దాటితే తెలుగు. ఇక్కడ రెండూ తెలుగులోనే రాస్తున్నాను. మా అత్త మాట పదును ఏ భాషలోనైనా తగ్గదు.

"రేపటి నుంచి మధ్యాహ్నం అన్నం అందరం కలిసి తినాలె. జోహర్ నమాజ్ అయినంక దస్తర్‌ఖాన్ పరుస్త. ఒక్కరు తక్కువైనా పరిచేది లేదు. గప్పుడు ఎవలకు వాళ్లు వంటింట్ల నిలబడి తినుండ్రి, బస్టాండుల తిన్నట్టు."

దస్తర్‌ఖాన్ అంటే నేల మీద పరిచే గుడ్డ. దాని మీద గిన్నెలు పెట్టుకుని చుట్టూ కూర్చుని తింటాం. మా అత్త దాన్ని జూలూరుపాడులోని పుట్టింటి నుంచి పెళ్లప్పుడు తెచ్చుకుంది. పండగలకు, చుట్టాలొస్తే తప్ప అది బీరువా దాటేది కాదు. రోజూ పరిస్తే మాసిపోతుంది కదా అన్నాను నేను. మాసిపోతే ఉతుక్కుంటానంది.

అందరూ అడ్డుపుల్లలు వేశాం. షాపు ముందు లారీ ఆగి ఉంటే ఎట్లా అన్నాడు మా మామ. లారీకి ఆకలి కాదు, ఆగుతుంది అంది ఆవిడ. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాణ్ణి పట్టపగలు లేపుతావా అన్నాడు మా ఆయన. తిని మళ్లీ పడుకో, నిద్ర ఎక్కడికీ పోదు అంది. నా స్కూలు మధ్యాహ్నం బెల్లు చాలా చిన్నది అన్నాను. మీ హెడ్ మేడమ్‌తో నేను మాట్లాడనా అంది. ఆవిడ వచ్చి మాట్లాడే కంటే నేనే ఒక పీరియడ్ అటూ ఇటూ మార్పించుకోవడం మేలనిపించింది. డిపోలో హమాలీలు వంతులవారీగా తింటారు. అజార్ బతిమాలి ఒంటి గంట వంతు తీసుకున్నాడు.

మొదటి రోజు షట్టర్ దించగానే పక్క షాపు వాళ్లు ఇంట్లో ఎవరో పోయారనుకుని మొహాలు వేలాడేసుకుని వచ్చారు. వాళ్లను పంపించి కూర్చున్నాం. ఫోన్లన్నీ ఖాళీ బిస్కెట్ డబ్బాలోకి పోయాయి. కూర్చున్నాక తెలిసింది, మాకు మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. నమిలే చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. డబ్బాలో ఎవరి ఫోనో గుర్రుగుర్రుమంటే అందరం అటే చూశాం. మా అత్త మాత్రం తొందరపడలేదు. పప్పు అందరికీ అయ్యాక గానీ కూర గిన్నె మూత తీయలేదు. కూర అయ్యాక గానీ పెరుగు ఇవ్వలేదు. లేద్దామంటే లేవనివ్వదు, నాకు స్కూలు టైమవుతోందని లోపల మండిపోతోంది.

వారం పది రోజులు అలాగే గడిచాయి. ఒకరోజు సొరకాయ కూర వడ్డిస్తుంటే మా మామ మెల్లగా చేయి అడ్డం పెట్టాడు. ఎందుకని అడిగితే, నాకు సొరకాయ పడదన్నాడు. మా అత్త గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. పెళ్లైనప్పటి నుంచి వారానికోసారి ఆ ఇంట్లో సొరకాయ వండుతూనే ఉంది.

"ఇన్నేండ్ల సంది ఒక్కనాడు చెప్పలేదేంది?"

"ఒక్కనాడన్న కూర్చొని తిన్ననా చెప్పడానికి?" అన్నాడాయన.

ఆ రోజు మొదటిసారి అందరం నవ్వాం. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. సనా తన క్లాసులో ఎవరితో కటీఫ్ అయిందో చెప్పేది. మా మామ భద్రాచలం గోదావరి వరదల్లో రోడ్డు తెగి, లారీల వాళ్లంతా మా షాపు ముందే రోజుల తరబడి వండుకుని తిన్న కథ చెప్పేవాడు. అజార్ తక్కువ మాట్లాడతాడు. కానీ నడుము నొప్పి ఎంత ముదిరిందో నాకు తెలిసింది ఆ గుడ్డ దగ్గరే. గిన్నె అందుకోవడానికి వంగినప్పుడల్లా ఆయన ముందు ఊపిరి బిగబట్టేవాడు. రాత్రిళ్లు పక్కనే పడుకున్నా నేనది చూడలేదు. మర్నాడే తీసుకెళ్లి నడుముకు బెల్టు కొనిచ్చాను.

ఒక పూట అన్నం నెమ్మదిగా తినడం మొదలుపెడితే మిగతా పరుగులు కూడా తగ్గాయి. మా మామ రాత్రి పదింటికే షాపు కట్టేయడం మొదలుపెట్టాడు. సనాను ట్యూషన్ మాన్పించి ఇంట్లోనే నేను పాఠాలు చెప్పుకున్నాను. రోడ్డవతల కొత్తగా వచ్చిన పంక్చర్ షాపుకు కొంత గిరాకీ పోయింది. ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. ఒంటి గంటకు షట్టర్ పడితే, ఇబ్రహీం భాయ్ దర్బారుకు పోయిండని నవ్వేవాళ్లు. నవ్వుకోనీ. నేను మాత్రం ఎండలో స్కూలు నుంచి ఇంటికి నడిచి వస్తుంటే రాణిలా నడిచేదాన్ని. మా స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా ఒక చేత్తో, ఎర్ర పెన్ను ఒక చేత్తో పట్టుకుని తినేవాళ్లలో నేను లేను. నాకు గర్వంగా ఉండేది. ఉన్నదాన్ని లేదని చెప్పుకోవడం నా వల్ల కాదు.

పోయిన ఎండాకాలం ముందు డిపోలో గేటు ఇన్‌ఛార్జి ముసలాయన మానేసి కొడుకు దగ్గరకు వెళ్లిపోయాడు. ఆ పోస్టు జయప్రకాశ్ గారు మా ఆయనకిచ్చారు.

జయప్రకాశ్ గారి తాత గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నాడు. ఈయనకు జామాయిల్ తోటలున్నాయి, డిపో ఉంది, లారీలున్నాయి. మనిషి చెడ్డవాడు కాదు. కారులోంచి దిగకుండా బతుకుతాడు, అంతే. బిస్కెట్ ప్యాకెట్లూ రస్కులూ తింటూ ఫోనులో మాట్లాడుతూ కనిపిస్తాడు. ఇన్‌ఛార్జి అంటే కర్ర మోయక్కర్లేదు. గేటు దగ్గర కుర్చీ, చేతిలో ఫోను. లోపలికి ఏ లారీ పోవాలి, ఏది ఆగాలి చెప్పడం. జీతం కూడా త్వరలో పెంచుతానన్నారు. ఒక్కటే షరతు. లారీలు ఎప్పుడొస్తాయో తెలియదు కనుక గేటు వదలకూడదు, ఫోను ఆపకూడదు. అన్నం అక్కడే.

నేను ఎగిరి గంతేశాను. ఆ నడుము ఇంకెన్నాళ్లు మోస్తుంది? మిఠాయి కొనుక్కొచ్చాను. మా అత్త ఒక ముక్క నోట్లో వేసుకుని, మంచిది బేటా, నడుముకు సుఖం అంది. దస్తర్‌ఖాన్ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మర్నాడు నేనూ సనా ఇంటికి వచ్చేసరికి గిన్నెలు వంటింట్లో గట్టు మీద వరసగా ఉన్నాయి. దస్తర్‌ఖాన్ మడత పెట్టి బీరువాలో ఉంది. ఒక్కరు తక్కువ. ఆవిడ అన్నమాట అన్నట్టే. నిలబడి తిన్నాం. అప్పుడే ఒక డ్రైవర్ కేకేస్తే మా మామ చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. షట్టర్ దించనేలేదు. నాలుగైదు రోజులకే ఎక్కడ మొదలయ్యామో అక్కడికి వచ్చేశాం. ఒకరోజు మా మామ నన్ను పిలిచి, అజార్‌కు దగ్గు తగ్గిందా అని అడిగాడు. కొడుక్కి దగ్గు ఉందని ఆయన గోడవతల నుంచి విన్నాడు. తగ్గిందో లేదో నాకూ తెలియదు. అజార్ రాత్రి ఎప్పుడో వచ్చేవాడు, పళ్లెం ముందు కూడా చెవికి ఫోను ఉండేది. ఏం కూర తిన్నావని అడిగితే గిన్నెలోకి చూసి చెప్పేవాడు.

నడుము బాగుపడుతోంది, మనిషి దూరమవుతున్నాడు. రెండూ ఒకేసారి దొరకవా అని నాలో నేనే తిట్టుకునేదాన్ని. పోస్టు వదులుకో అనడానికి నోరు రాలేదు. మళ్లీ ఆ దుంగల కిందికి పొమ్మనే మాట ఏ పెళ్లాం అంటుంది?

రెండో శనివారం స్కూలు సెలవు. జోహర్ నమాజ్ అయ్యాక మా అత్త గిన్నెలన్నీ బుట్టలో సర్దడం మొదలుపెట్టింది. అన్నం, పుల్లగా చారులా కాచిన టమాట ఖట్టా, దొండకాయ వేపుడు, పెరుగు, పళ్లేలు. బీరువాలోంచి దస్తర్‌ఖాన్ తీసి భుజాన వేసుకుంది. ఆటో పిలువు అంది నాతో. ఎక్కడికి అన్నాను.

"వాడు రాకపోతే మనమే పోదాం. ఒక్కరు తక్కువైతే పరిచేది లేదన్న గని, ఇంట్లనే పరుస్త అన్ననా?"

అక్కడ లారీలు, హమాలీలు, రోడ్డు మీద వచ్చేపోయే జనం. నా క్లాసు పిల్లల తల్లిదండ్రులు సగం మంది ఆ దారినే పోతారు. ఇదంతా చెప్పాను. నువ్వు ఇంట్లో ఉంటానంటే ఉండు, కానీ నువ్వు లేకపోతే అక్కడా పరిచేది లేదు అంది. బురఖా వేసుకున్నా ముఖం మీద నఖాబ్ వేసుకునే అలవాటు నాకు లేదు. ఆ రోజు వేసుకున్నాను. బయటికి వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే మా మామ షట్టర్ దించి తాళం వేసి, నీళ్ల క్యాను పట్టుకుని ఆటో పక్కన నిలబడి ఉన్నాడు.

డిపో గేటు దగ్గర అజార్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మీద టిఫిన్ డబ్బా, చెవికీ భుజానికీ మధ్య ఫోను, ఎడమ చేత్తో లారీకి సైగ. మా అత్త ఆయన్ని చూడలేదు, నీడ ఎక్కడుందో చూసింది. ఆ ఎండకు నీడంటూ ఉన్నది గేటు పక్క వేపచెట్టు కిందే. అక్కడ దుమ్ము దులిపి దస్తర్‌ఖాన్ పరిచింది. గాలికి లేవకుండా మూలల్లో కర్ర బెరడు ముక్కలు పెట్టింది. గిన్నెలు దించింది. మేం కూర్చున్నాక, రా అంది కొడుకుతో.

అజార్ చెవులు ఎర్రబడ్డాయి. డబ్బా మూసి మా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మీ, ఇక్కడ గాదు."

"మరెక్కడ? చెప్పు, అక్కడికే వస్తం."

అజార్ చేతిలో ఫోను మోగుతూనే ఉంది. అటూ ఇటూ చూశాడు. సనా జరిగి పక్కన చోటు చేసింది. ఆయన ఫోను ఆపేసి జేబులో వేసుకుని కూర్చున్నాడు.

మేం గమనించనిది ఒకటుంది. లారీ గేటులోకి తిరగాలంటే ఆ వేపచెట్టు కింద నుంచే తిరగాలి. మేం కూర్చున్నది సరిగ్గా దాని దారిలో. టేకులపల్లి నుంచి కర్ర లోడుతో వచ్చిన భీమ్లా అనే డ్రైవర్ బ్రేకు వేసి, దిగి, మమ్మల్ని చూసి, వెనక లారీకి చేయెత్తి ఆగమన్నాడు. మా ఊళ్లో గేటు ముందు గుడ్డ పరుచుకుని కుటుంబంతో సహా కూర్చుంటే దానికి ఒక్కటే అర్థం. ధర్నా. భీమ్లా వెనక లారీ వాడికి చెప్పాడు, వాడు ఇంకొకడికి చెప్పాడు. లారీలు ఆగేసరికి లోపల పని ఆగింది. హమాలీల మేస్త్రీ పోతయ్య, ఆయన వెనక మిగతావాళ్లు చెమటలు తుడుచుకుంటూ గేటు దగ్గరకొచ్చారు. మా అత్త ఇంకా ఖట్టా దగ్గరే ఉంది.

ఎవరు ఫోను చేశారో, యూనియన్ నాయకుడొకాయన బండికి జెండా కట్టుకుని వచ్చేశాడు. దిగుతూనే కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి అన్నాడు. వెనకాలే విలేకరి వచ్చి, ఫోనులో వీడియో తీస్తూ, ఇది ధర్నానా రిలే నిరాహార దీక్షా అని అడిగాడు.

"తింటుంటె నిరాహారం ఎట్లయితది అంకుల్?" అంది సనా.

జనంలోంచి ఒకాయన వంగి సనాను చూసి, తర్వాత నన్ను చూశాడు. మా ఆరో తరగతిలో ఒక పిల్లవాడి తండ్రి.

"మీరు లెక్కల టీచరమ్మ కాదా? ఏమైంది మేడమ్? డిమాండ్లు ఏంది?"

నేలలోకి కుంగిపోతానేమో అనుకున్నాను. చుట్టూ చూశాను. మా మామ వేపుడు నములుతున్నాడు. అజార్ ముద్ద కలుపుతున్నాడు, చాలా రోజుల తర్వాత గిన్నెలోకి కాకుండా నా వైపు చూస్తూ. మా అత్త సనా పళ్లెంలో పెరుగు వేస్తోంది. ఇందులో దాచుకోవలసింది ఏముందో నాకు ఎంత వెతికినా దొరకలేదు. నఖాబ్ వెనక్కి వేశాను.

"డిమాండ్లేం లేవు. అన్నం తింటున్నం" అన్నాను.

నా గొంతు క్లాసులో వినపడినట్టే వెనక వరస దాకా వినపడింది. అప్పుడే జయప్రకాశ్ గారి కారు వచ్చింది. దారి లేక లారీల వెనకే ఆపి, ఆయన ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. జెండా చూశాడు, విలేకరిని చూశాడు, మా అత్త దగ్గరకొచ్చి చేతులు జోడించాడు.

"ఏంటమ్మా ఇది? ఏదున్నా కూర్చుని మాట్లాడుకుందాం కదా. ఏం కావాలి మీకు?"

"కూర్చొనే ఉన్నం గదయ్యా. నువ్వే నిలబడ్డవు" అని మా అత్త జరిగి చోటిచ్చింది. దస్తర్‌ఖాన్ పరిచాక వచ్చిన మనిషిని నిలబెట్టి తినడం మాలో లేదు. వచ్చినవాడు యజమానైనా, అప్పులవాడైనా ఒకటే. పళ్లెం పెట్టేసింది. అందరూ చూస్తున్నారు. వీడియో నడుస్తోంది. ఆయన ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని గుడ్డ అంచున కూర్చున్నాడు. ఖట్టా వేసుకుని రెండు ముద్దలు తిని మళ్లీ అడిగాడు, అసలు సంగతేంటని.

"ఇదే సంగతి. మా పిల్లగాడు ఒక పూట మాతోని కూర్చొని తినాలె. ఇంక మాకేం వద్దు" అంది మా అత్త.

ఆయనకు నమ్మకం కుదరలేదు. అజార్ వైపు తిరిగి, ఇంతేనా అన్నాడు. ఇంతేనన్నాడు అజార్. మరి ఆ టైంలో గేటు ఎవరు చూస్తారన్నాడాయన.

అజార్ చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టాడు. ఆయన ఎప్పుడూ యజమాని ముందు తల వంచుకునే మాట్లాడతాడు. ఆ రోజు తల ఎత్తి నెమ్మదిగా అన్నాడు.

"ఎవరూ చూడరు సార్. గేటు బంద్ పెడత. డ్రైవర్ గూడ తింటడు, హమాలీలు గూడ కూర్చొని తింటరు. తిన్నంక అందరం లేస్తం. గట్ల కుదరదంటె పోస్టు తీస్కోండి. రేపటి సంది మళ్ల కర్ర మోస్త."

ఆ మాట ఖరీదు ఎంతో అక్కడున్న వాళ్లలో నాకే ఎక్కువ తెలుసు. ఆ బెల్టు రోజూ బిగించేది నేను. కానీ నిజం చెబుతున్నాను, వద్దు అనాలని కూడా అనిపించలేదు. ఇతను నా మొగుడు అని అందరికీ వినపడేలా చెప్పాలనిపించింది.

జయప్రకాశ్ గారి ఫోను మోగింది. తీసి, దారిలో ఉన్నానండీ, వచ్చేస్తున్నా అన్నాడు, మా దస్తర్‌ఖాన్ మీద కూర్చుని. అది విని భీమ్లా పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. పోతయ్య మాత్రం నవ్వలేదు. కంచెకు తగిలించిన తన టిఫిన్ డబ్బా తీసుకొచ్చి వేపచెట్టు అవతలి వైపు కూర్చున్నాడు. ఆయన్ని చూసి మిగతా హమాలీలు ఒక్కొక్కరే వెళ్లి డబ్బాలు తెచ్చుకున్నారు. డ్రైవర్లు ఇంజన్లు ఆపేశారు. ఆ డిపోలో పట్టపగలు అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. యూనియన్ నాయకుడికి ఏం చేయాలో తోచక జెండా బండికి ఆనించి, మంచినీళ్లు ఉన్నాయా అని అడిగాడు.

మా అత్త జయప్రకాశ్ గారికి పెరుగు అడక్కుండానే వేసింది. ఆయన అదీ తిన్నాడు. మా మామ క్యానులోంచి నీళ్లు పోస్తే చేయి కడుక్కుని, సాయంత్రం మాట్లాడదాం అజార్ అని కారు వైపు నడిచాడు. మేం చివరి దాకా తొందరపడకుండా తిని, గిన్నెలు సర్దుకుని, గుడ్డ దులిపి లేచాం. భీమ్లా లారీ మా వెనకాలే గేటులోకి తిరిగింది.

ఆ సాయంత్రం ఫోను రాలేదు. మర్నాడు ఆదివారమూ రాలేదు. సోమవారం ఒంటి గంటకు అజార్ గేటుకు గొలుసు వేసి ఇంటికి వచ్చాడు. ఆయన వచ్చేదాకా మేం షాపు ముందే నిలబడి ఎదురుచూస్తున్నాం, పైకి మాత్రం ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నట్టే ఉన్నాం. మంగళవారం వచ్చాడు. బుధవారం వచ్చాడు. పోస్టు ఉందా పోయిందా అని ఇప్పటిదాకా ఎవరూ తేల్చి చెప్పలేదు. కుర్చీలో మాత్రం ఆయనే కూర్చుంటున్నాడు. జీతం పెంచుతానన్న మాట జయప్రకాశ్ గారు మళ్లీ ఎత్తలేదు. మేమూ అడగలేదు. డిపోలో ఒంటి గంటకు లారీలు ఆగడం అలవాటైపోయింది. ఆలస్యమవుతోందని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు విసుక్కుంటారు. పోతయ్య వాళ్లు లేచేది మాత్రం తిన్నాకే.

గేటు దగ్గర తిన్న మర్నాడే, ఆదివారం జిల్లా పేజీలో మా ఫోటో వచ్చింది. పైన "కర్ర డిపో ఎదుట కార్మిక కుటుంబం బైఠాయింపు" అని వేశారు. ఎంత చెప్పినా ఆ విలేకరి నమ్మలేదన్నమాట. నేను కోపంగా చదివి వినిపిస్తే మా అత్త తాపీగా విన్నది.

"బైఠాయింపు అంటె కూర్చునుడే గద. కూర్చున్నం. తప్పేం రాయలే" అంది.

నేను ఆ కాగితం తీసుకుని కిటికీ దగ్గర చాలాసేపు చూశాను. మసక ఫోటో. చుట్టూ పదుల మంది నిలబడి ఉన్నారు, చేతుల్లో ఫోన్లు, అందరి కళ్లూ మా మీదే. మధ్యలో నేల మీద మేం. మాలో ఒక్కరం కూడా కెమెరా వైపు చూడటం లేదు. మా అత్త సనాను చూస్తోంది, సనా తాతను చూస్తోంది, మా మామ అజార్‌ను చూస్తున్నాడు, అజార్ నన్ను చూస్తున్నాడు.